ఆలస్యంగా పూసే ఎరుపు

పెడనలో కలంకారీ అద్దకం బల్ల దగ్గర నిలబడితే మొదట కంటికి దక్కేది నలుపే. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ లేత పసుపు ఛాయలో ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరవేసి తీసిన ద్రవంలో టేకు అచ్చును అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసి ఎత్తితే గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు అలా రాదు. ఎర్రగా కావలసిన చోట అద్దేది పటిక. జిగురు కలిపిన పటిక నీళ్లు గుడ్డ మీద పడ్డా పడనట్టే ఉంటాయి. ఎక్కడ అద్దామో తెలియడానికి అందులో చిటికెడు రంగు వేసుకుంటారు, అదీ ఉతుకులో పోయేదే. గుడ్డ ఆరాలి. కొన్నాళ్లు ఊరకే ఉండాలి. తర్వాత పారే నీటిలో జాడించాలి. నిలవ నీరు పనికిరాదు, ఊడిన పటికను నీరు వెంటనే మోసుకుపోకపోతే అది పక్కకు పాకి గుడ్డ నేలంతా మరకలవుతుంది. అప్పుడు పెద్ద రాగి పాత్రలో చిరివేరో మంజిష్ఠో, దానితో జాజి ఆకో వేసి కాస్తారు. కర్రతో తిప్పుతూ ఉండగా, పటిక తాకిన ప్రతిచోటా, తాకిన చోట మాత్రమే, ఎరుపు మెల్లగా పైకి తేలుతుంది.

శృంగారం రెండు విధాలన్నారు మన అలంకారికులు, కలయిక అయిన సంభోగమనీ, ఎడబాటు అయిన విప్రలంభమనీ. ఒకే గుడ్డ మీద ఆ రెండూ పక్కపక్కనే ఉండటం నేను ఈ పనిలో చూశాను. కరక్కాయనూ ఇనుమునూ కలిపిన క్షణంలోనే నలుపు పుట్టింది. ఎరుపు మాత్రం ఎడబాటును ఓర్చి, ఆరి, తడిసి, కాగి, ఆ తర్వాతే పండింది. తెలిసినవాడు పూర్తయిన దుప్పటిని చూసినప్పుడు ఆ ఎరుపులో ఆ నిరీక్షణంతా చూస్తాడు. తెలియనివాడికి అది ఎర్రటి పువ్వు, అంతే. ఆ తెలివిడి పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఒక్కసారైనా తన చేత్తో పటిక అద్ది, అద్దింది కనపడక కంగారు పడి, కొన్నాళ్లకు రాగి పాత్రలో అది ఎర్రబడటం చూసినవాడికే వస్తుంది.

హైస్కూలులో చేతిపని ఎందుకు నేర్పాలి అని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఉపాధి. ఆ జవాబు మంచిదే. కానీ అది సగం జవాబు. మిగతా సగం సహృదయుడి గురించి. కావ్యాలను మళ్లీ మళ్లీ చదవగా చదవగా మనసనే అద్దం మెరుగు పడుతుందనీ, అలాంటి మనసున్నవాడే రసాన్ని అందుకోగలడనీ అభినవగుప్తుడు చెప్పాడు. పద్యానికి అభ్యాసం కావాలని ఒప్పుకున్న మనం, గుడ్డకూ కుర్చీకీ మగ్గానికీ కొలిమికీ మాత్రం అక్కర్లేదనుకున్నాం. పద్నాలుగేళ్ల పిల్ల నాడె విసిరి జానెడు గుడ్డ నేస్తే, ఆమె జీవితంలో కట్టబోయే ప్రతి చీరకూ ఒక పాఠకురాలు పుట్టినట్టే. అంచు తిన్నగా రావడానికి ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో ఆమె వేళ్లకు తెలుసు. ఆమెకు మంచి నేత ఆనందం ఇస్తుంది, చెడ్డ నేత నొప్పి ఇస్తుంది. ఇంతకన్నా పెద్ద చదువు ఏమిటో నాకు తెలియదు.

ఇంకొక సంగతి. ఈ నలుపు ఉందే, కరక్కాయతో ఇనుము కలిస్తే వచ్చే ఈ నలుపు, మన పాత సిరాది కూడా. కరక్కాయ, అన్నభేది కలిపి కాచుకున్న సిరాతోనే ఒకప్పుడు కాగితం మీద తెలుగు రాశారు. అక్షరానికీ అద్దకానికీ ఒకటే రంగు, ఒకటే రసాయనం. గుడ్డ మీది నలుపును పని అనీ, కాగితం మీది నలుపును చదువు అనీ విడదీసింది తర్వాత వచ్చిన బడి.

ఆ విడదీతను ఒప్పుకోని బడి ఒకటి ఈ నేల మీదే పుట్టింది. దానికి చాలా ముందే, 1843లో, బందరులో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి పెట్టాడు. ఆ తరహా చదువు గొప్ప గొప్పవాళ్లను తయారు చేసింది, కాదనను. అయితే అది చేతిని బడి గుమ్మం బయటే వదిలి రమ్మంది. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర దేశంలో తిరిగి మాట్లాడినప్పుడు బందరు కదిలిపోయింది. ఆ కదలికలోంచి కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. హనుమంతరావు వకీలు పని వదులుకుని, 1922లో కన్నుమూసేదాకా ఆ బడికే బతికాడు. చదువుతో పాటు నేత, వడ్రంగం, కమ్మరం, చిత్రలేఖనం అక్కడ సాగాయి. పట్టాభి అంటే రాజకీయం గుర్తొస్తుంది, కృష్ణారావు అంటే కృష్ణాపత్రిక గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ ముగ్గురి పేర్లూ వింటే మగ్గాల చప్పుడూ కొలిమి చప్పుడూ వినిపించే పాఠశాల ఆవరణే ముందు తలపుకు వస్తుంది. రాత బల్లకూ సాన బల్లకూ ఒకే కప్పు కింద చోటివ్వడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. వడ్రంగి కొడుకు వడ్రంగం, నేతగాడి కొడుకు నేత నేర్చుకునే సమాజంలో, ఏ ఇంటి పిల్లవాడైనా ఉలి పట్టవచ్చనడం కులం గోడ మీద వేసిన ఒక గంటు కూడా.

వాళ్లు చేసిన అతి అందమైన పని, నా లెక్కలో, ఆ కార్ఖానాల పక్కనే చిత్రకారుణ్ణి కూర్చోబెట్టడం. బెంగాల్ నుంచి ప్రమోద కుమార్ చటర్జీ వచ్చి చిత్రలేఖనం నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు అడివి బాపిరాజు. తర్వాత 1930ల్లో అదే కళాశాలకు బాపిరాజే ప్రిన్సిపాలు అయ్యాడు. 'నారాయణరావు' గానీ 'హిమబిందు' గానీ చదివినవాళ్లకు తెలుస్తుంది, ఆయన వాక్యంలో ఒక చీర రంగో, ఒక నగ పనితనమో, ఒక శిల్పం వంపో వచ్చినప్పుడు కలం నెమ్మదిస్తుంది. వేళ్లతో తడిమి చూసినవాడి నెమ్మది అది. కుంచె పట్టని రచయిత రంగు పేరు చెప్పి ముందుకు వెళతాడు, బాపిరాజు రంగు దగ్గర ఆగుతాడు.

పింగళి వెంకయ్య కూడా ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవాడే. పుట్టింది మొవ్వ దగ్గర భట్లపెనుమర్రు. వ్యవసాయమంటే ప్రాణం, కంబోడియా పత్తి మీద చేసిన పనికి 'పత్తి వెంకయ్య' అన్నారు. 1916లో భారతదేశానికి పతాకం ఎలా ఉండాలో నమూనాలు గీసి ఒక పుస్తకం వేశాడు. 1921లో బెజవాడలో గాంధీకి పతాకం చూపించాడు. ఆ కథ అందరికీ తెలిసినదే. అందులో నన్ను ఆకట్టుకునేది ఒకటి: జెండా అనేది చివరికి ఒక గుడ్డ. పత్తి తెలిసినవాడు, గుడ్డ తెలిసిన ఊళ్లో, చేతిపనిని చదువుగా ఎంచిన బడిలో ఉంటూ దాని గురించి ఆలోచించాడు. ఏ రంగు ఎంత వెడల్పు, దూరం నుంచి ఏది ముందు కంటబడుతుంది, గాలిలో ఏది నిలుస్తుంది అన్నవి అచ్చంగా అద్దకపు బల్ల దగ్గర వచ్చే ప్రశ్నలు.

బందరు పెద్దలు ఆలోచిస్తున్న కాలానికే బయటి ప్రపంచంలో ఈ విషయం మీద పెద్ద వాదం నడుస్తోంది. మాస్కోలో విక్టర్ డెల్లా-వోస్ 1868లో ఒక పద్ధతి పెట్టాడు. పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క అతుకునూ ఒక్కొక్క అభ్యాసంగా నేర్పడం దాని సారం. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ అతుకుల వరసను చూసి అమెరికా వాళ్లు ముగ్ధులయ్యారు. కొద్దికాలానికే కాల్విన్ వుడ్‌వర్డ్ సెయింట్ లూయిస్‌లో ఆ బాటలో బడి తెరిచాడు. అమెరికా హైస్కూళ్లలో ఇండస్ట్రియల్ ఆర్ట్స్ అని తర్వాత పేరుపడిన చదువు చాలావరకు అక్కడి నుంచి పెరిగిందే. ఉత్తరాన ఇంకో దారి. ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ చూపు వల్ల 1866లోనే పల్లె బడుల్లో మగపిల్లలకు చేతిపని తప్పనిసరి అయింది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ దాన్ని పెంచి, పిల్లవాడు చెంచానో గరిటెనో, ఇంట్లో వాడుకునే వస్తువునే మొదటినుంచి చివరిదాకా తానే చెయ్యాలన్నాడు. పనికిరాని అతుకు చేసి పారేయడం ఆ పద్ధతిలో లేదు.

రెండిట్లో నా మనసు సాలమన్ వైపే. కారణం మన ఛందస్సులోనే ఉంది. గణాలు విడివిడిగా వల్లె వేసినవాడికి గణాలు వస్తాయి. నాలుగు పాదాల పద్యం, ఎంత చిన్నదైనా, ముగించినవాడికే యతి ఎక్కడ పడితే ఊపిరి నిలుస్తుందో తెలుస్తుంది. అద్దకంలో అచ్చు పక్కన అచ్చు పడే చోటు అచ్చంగా యతిస్థానం. మొదటి అచ్చులో సగం విరిగిన లత రెండో అచ్చులో అతుక్కోవాలి, వెంట్రుక వాసి తేడా వస్తే లత తెగుతుంది. మంచి పనివాడి గుడ్డలో ఆ అతుకు ఉంటుంది, కనపడదు. ఒకే అచ్చుతో ముక్క మీద అద్దడం నేర్చుకున్న పిల్లవాడు ఆ సంతోషానికి దూరంగానే ఉండిపోతాడు. కనీసం ఒక చేతిరుమాలు, నాలుగు అంచులూ మూలలూ కలిసేలా, అతను పూర్తి చెయ్యాలి. మూల తిరిగే చోట లత ఎటు వంగాలో తేల్చుకోవడంలో ఆ పిల్లవాడు కవి అవుతాడు.

1937లో వార్ధాలో గాంధీ బుద్ధి వికాసానికే చేతివృత్తి అన్నాడు. జాకీర్ హుస్సేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రాసింది. స్వాతంత్ర్యం వచ్చాక, కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53 మాధ్యమిక విద్యా సంఘం హైస్కూలు పిల్లలందరూ ఏదో ఒక చేతిపని నేర్వాలనీ, బహుళార్థసాధక పాఠశాలలు పెట్టాలనీ చెప్పింది. తర్వాత కొఠారీ సంఘం దాన్నే పని అనుభవం అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అంది. ప్రతి సంఘమూ ఒక కొత్త పేరు ఇచ్చి వెళ్లింది. బడికి మాత్రం ఒక గది, ఒక క్రాఫ్ట్ మాస్టారు, ఒక కుట్టు టీచరమ్మ, ఒక డ్రాయింగు మాస్టారు దక్కితే దక్కారు. టైంటేబులులో ఆఖరి పీరియడు వాళ్లది. పరీక్షల నెల వస్తే అదీ లెక్కల మాస్టారు పట్టుకుపోయేవాడు. మార్కులు లేని సబ్జెక్టును మన ఇళ్లు ఎప్పుడూ గౌరవించలేదు. ఇది చెబుతుంటే నాకు బాధ.

అయినా ఆ ఆఖరి పీరియడులోంచి వచ్చిన ఒక వస్తువును చూడండి. కుట్టు రికార్డు. టైలరింగు, ఎంబ్రాయిడరీ, డ్రాయింగు, చేనేతల్లో లోయరు, హయ్యరు అని మన రాష్ట్రంలో ప్రభుత్వం పెట్టే టెక్నికల్ పరీక్షలున్నాయి. కుట్టు పరీక్షకు చదివిన ఇంట్లో ఇలాంటి రికార్డు ట్రంకు పెట్టె అడుగున ఇంకా దొరుకుతుంది. మందపాటి కాగితాలు, ఒక్కో పేజీకి అరచేయంత తెల్ల గుడ్డ ముక్క, దాని మీద ఒక్కో కుట్టు. కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు. మొదటి పేజీల్లో కుట్లు బెదిరినట్టు ఎక్కువ తక్కువలుగా ఉంటాయి. పదో పేజీకి వచ్చేసరికి సూది ఒకే నడక పట్టింది. కాజాలో దారం ముడి వరసగా అంచు మీద కూర్చుంది, పొరపాటున కూడా లోపలికి జారలేదు. మధ్యలో చిన్న గౌను నమూనా, బొమ్మకు తొడిగేంత, దాని చంకలో మడత సరిగ్గా విప్పుకుని ఉంది. ఏ పువ్వు బొమ్మ కన్నా నాకు ఆ చంక మడత అందంగా తోస్తుంది. చెయ్యెత్తినప్పుడు గుడ్డ పట్టెయ్యకూడదని పదిహేనేళ్ల పిల్ల ఆలోచించింది. తను ఎన్నడూ చూడబోని ఒక పాపాయి చేయి ఎలా కదులుతుందో ఊహించింది. రసం అంటే ఇతరుల అనుభవాన్ని తనలో వెలిగించుకోవడమైతే, ఆ మడతలో రసం ఉంది.

ఈ రికార్డుకు దూరపు బంధువు ఒకటి పారిస్‌లో ఉంది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో అద్దకం పని దగ్గర నిలబడి, ఒక్కొక్క దశలో గుడ్డ ముక్క కత్తిరించి, పక్కన వివరం రాసి పెట్టుకున్నాడు. కరక్కాయ వేసిన ముక్క, నలుపు పడిన ముక్క, ఎరుపు పండిన ముక్క. కొద్దేళ్లకు, 1742లో, తెలుగు బాగా నేర్చిన జెసూట్ పాదిరి కోర్డూ ఆ పనినే ఉత్తరంలో వర్ణించి పంపాడు. ఆ కాలంలో ఫ్రాన్సు మన కోస్తా గుడ్డ మీద నిషేధం పెట్టుకుని ఉంది. 1686లో మొదలైన ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు కూడా 1700లో ఒకసారి, 1721లో ఒకసారి చట్టాలు చేసుకుంది. గుడ్డను రానివ్వలేదు గానీ గుడ్డ వెనక ఉన్న పాఠాన్ని మాత్రం దశలవారీగా అతికించి పట్టుకుపోయారు. మన పనిని మన బడి పిల్లల కంటే ముందు రికార్డు పుస్తకంలోకి ఎక్కించింది వాళ్లు. ఆ పుస్తకం విలువ వాళ్లకు తెలిసింది. మన హైస్కూళ్లలో కుట్టు రికార్డు పరీక్ష కాగానే పాత కాగితాల వాడికి పోయింది.

ఇప్పుడు మా ముదినేపల్లి వైపు వస్తాను. 2022లో మా మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. అయినా పనికీ వస్తువుకీ మా కాళ్లు గుడివాడ, బందరు దారే పడతాయి. ఇక్కడ కలంకారీ లేదు. ఇక్కడ ఉన్నవి నీళ్లు. కొల్లేటి వాళ్ల తాటి దోనెను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తాటిమాను బయట ఇనుమంత గట్టి, లోపల పీచుగా మెత్తన. అడుగున బోదె ఉబ్బుగా ఉంటుంది. ఆ స్వభావాన్ని కనిపెట్టినవాడు మెత్తదనాన్ని తోడేసి గట్టిదనాన్ని పడవగా మిగిల్చాడు. అందులో అదనంగా పెట్టింది ఏమీ లేదు, తీసెయ్యడమే. వడ్రంగం పాఠంలో మొదటి రోజు చూపించదగిన వస్తువు అది. చెక్క ఎటు వినిపించుకుంటుందో, ఎటు ఎదురు తిరుగుతుందో తెలుసుకున్న చేతికే చిత్రిక పట్టడం వస్తుంది. ఎదురు చిత్రిక పడితే చెక్క చీరుకుపోతుంది. ఆ విషయం మాటల్లో వంద సార్లు చెప్పవచ్చు. ఒక్కసారి చీరుకుపోయిన చెక్కను వేలితో తడిమిన పిల్లవాడికి మళ్లీ చెప్పక్కర్లేదు.

వరి మళ్లు తవ్వి చేపల, రొయ్యల చెరువులు చేసుకున్న ఈ కాలంలో మా ప్రాంతపు అసలు పరిశ్రమ మోటారు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోతే ఏరేటర్లు తిరగాలి. తిరగకపోతే తెల్లారేసరికి చెరువు పోతుంది. అందుకే సెంటరులో, కాలిన మోటారుకు మళ్లీ తీగ చుట్టే వైండింగు షాపులు. అక్కడ కూర్చున్న కుర్రవాడి పనిని, పెడన అద్దకాన్ని చూసిన కళ్లతోనే చూడమని నా కోరిక. కాలిపోయిన స్టేటరులోంచి పాత తీగ పీకి, 24 గాళ్లో 36 గాళ్లో శుభ్రం చేసి, ఒక్కొక్క గాడిలో కాగితం పరిచి, చెక్క అచ్చు మీద చుట్టిన రాగి తీగ చుట్టలను గాడిలోకి దించుతాడు. ఎనామిల్ పూత గీసుకుపోతే మోటారు మళ్లీ కాలుతుంది కనుక వేలి గోరు కూడా జాగ్రత్తగా కదులుతుంది. చుట్టలన్నీ దించాక తలలను దారంతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. మూత బిగించేముందు ఒక్క క్షణం ఆ చుట్టల వరసను చూడాలి. ఎర్రబంగారు వన్నెలో, ఒకదాని భుజం మీద ఒకటి వాలి, గుండ్రంగా తిరిగి వచ్చిన రాగి. తర్వాత మూత పడుతుంది, ఆ అందాన్ని ఎవరూ చూడరు. చూడని చోట అంత శ్రద్ధగా చేసిన పనికి మన విమర్శకులు ఇంకా పేరు పెట్టలేదు.

ఆ కుర్రవాడు ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో బడి మానేసినవాడై ఉంటాడు. భౌతికశాస్త్రం పుస్తకంలో విద్యుదయస్కాంత పాఠానికి ఒకటి రెండేళ్ల ముందే వెళ్లిపోయాడు. ఆ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలకేమో ఈ షాపు లోపల ఏముందో తెలియదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలను పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని పనివాళ్ల దగ్గరికి పంపమంటుంది. పది రోజులు తక్కువే, కానీ ఎవరి దగ్గరికి పంపాలో తెలిసిన హెడ్మాస్టరు ఉంటే అవి చాలా రోజులు. మా మండలంలో అయితే రెండు రోజులు దోనె తొలిచేవాళ్ల దగ్గర, మూడు రోజులు పెడన మగ్గాల దగ్గర, అద్దకం దగ్గర, మిగిలినవి వైండింగు షాపులో గడపాలని నా మాట. అక్కడి పనివాణ్ణి పిల్లలు 'మాస్టారూ' అని పిలవాలి. ఆయన ఆ పిలుపుకు తగినవాడు.

తిరిగి వచ్చాక డ్రాయింగు మాస్టారి పీరియడులో చెయ్యవలసిన పని కూడా ఉంది. స్టేటరును విప్పి పరిచినట్టు కాగితం మీద 24 నిలువు గీతలు గీయాలి, ఒక్కో గీత ఒక్కో గాడి. మూడు ఫేజులకు వాడుకలో ఉన్న రంగులు ఎరుపు, పసుపు, నీలం. ఏ చుట్ట ఏ గాడిలో మొదలై ఏ గాడిలోకి దిగుతుందో ఆ మూడు పెన్సిళ్లతో వంపులు తిప్పుతూ కలుపుకుపోతే, చివరి వంపు మొదటి గాడి పక్కకు వచ్చి చేరుతుంది. ఎక్కడైనా ఒక్క గాడి తప్పితే చివర కలవదు, పిల్లలు తమంతట తామే కనిపెట్టి చెరిపి గీస్తారు. ఆ కాగితం కిందనే అరంగుళం రాగి తీగ, గాడి కాగితం ముక్క, కట్టిన దారం అతికించాలి. చుట్లెన్నో, తీగ గేజి ఎంతో పక్కన తెలుగులో రాయాలి. రికార్డుకు అట్ట వేయించి లైబ్రరీ బీరువాలో, పై అరలో, పద్యకావ్యాల పక్కన పెట్టాలి.